బోరు వేయడమే కాదు, మూయడం కూడా విద్యే

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

మానవుడు చంద్రుని మీద కాలు మోపి యాభై ఏళ్లు దాటింది. కాని మన కాళ్ల కింద నాలుగు వందల అడుగుల లోతున ఏముందో చెప్పమంటే మా వూళ్లో ఇప్పటికీ కొబ్బరికాయ తెమ్మంటారు. అరచేతిలో కాయను అడ్డంగా పెట్టుకొని ఒక పెద్దమనిషి చెలకలో నడుస్తాడు. కాయ లేచి నిలబడ్డ చోట గుర్తు వేస్తారు. తెల్లారి రిగ్గు వస్తుంది. పొద్దుగూకే లోపల ఆ ఇంటి నసీబు తేలిపోతుంది.

ఎగతాళికి ఇది రాయడం లేదు. మా నాయిన కూడా ఆ కాయ వెంట నడిచినవాడే. మాది జనగామ వైపు మెట్ట పల్లె. వున్న నాలుగెకరాల్లో నాలుగు బోర్లు వేశాం, మూడు ఫెయిలయ్యాయి. మూడో బోరు వేసిన రాత్రి నాకు బాగా గుర్తు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మూడు వందల అడుగులు దిగినా దుమ్మే తప్ప చెమ్మ లేదు. డ్రైవరు మిషను స్లో చేసి, "అన్నా, ఇంకో వంద ఏద్దామా?" అని అడిగాడు. నాయిన నా ముఖం వైపు చూశాడు, చదువుకుంటున్న పిల్లగానికి తెలుస్తుందేమో అన్నట్టు. నాకేం తెలుసు? "ఇంత దాంక వచ్చినం గదా, పోనియ్యి" అన్నాడు చివరికి. నాలుగు వందలు, ఐదు వందలు, 620 దగ్గర చేతులెత్తేశాం. ఆ అప్పు మిత్తితో సహా తీరడానికి మూడు పత్తి పంటలు పట్టింది.

"ఎక్కడ ఆపాలె?" అన్నది ఆ రాత్రి మా నాయిన అడగకుండా అడిగిన ప్రశ్న. డిగ్రీలో ఫిజిక్సు, జియాలజీ చదివిన తర్వాత దానికి కొంత జవాబు దొరికింది. ఆ కొంతనే ఇక్కడ మీతో పంచుకుంటాను.

మూడు జిల్లాలు, మూడు తీర్ల నేల

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఈ మూడూ 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. అంతకు ముందు వీటిలో ఎక్కువ భాగం పాత వరంగల్లు జిల్లాలోదే. కాగితం మీద దగ్గరదగ్గరే వున్నా భూమి లోపల మాత్రం ఒకదాని తీరు ఒకదానికి లేదు.

జనగామది నల్లసేనపురాయి, గ్రానైటు. రెండు వందల యాభై కోట్ల సంవత్సరాలకు పైబడిన రాయి. స్పాంజిలాగా నీటిని పీల్చుకునే గుణం దానికి లేదు. పైన ఎండకూ వానకూ చివికిన మెత్తని పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. మహబూబాబాద్‌లో కూడా ఎక్కువ భాగం ఇదే జాతి రాయి. అయితే గూడూరు, బయ్యారం వైపు తూర్పుకు పోయేకొద్దీ పాకాల శిలలనే పాత అవక్షేప శిలలు తగులుతాయి. బయ్యారం ఇనుప ఖనిజం అందరికీ తెలిసిందే.

భూపాలపల్లికి పోతే కథే మారుతుంది. అక్కడ ప్రాణహిత, గోదావరి లోయలో పరుచుకున్న గోండ్వానా ఇసుకరాయి వుంది. దాని పొరల మధ్యనే సింగరేణి వారి కాకతీయ ఖనుల బొగ్గు. ఇసుకరాతిలో గింజకూ గింజకూ మధ్య ఖాళీ వుంటుంది కాబట్టి రాయే నీటి తొట్టి. అక్కడ నీటి కోసం పగులును వెతకాల్సిన అవసరం తక్కువ. కాని రంధ్రం కూలిపోయే భయం ఎక్కువ. జనగామలో బోరు గోడ గోడలాగే నిలబడుతుంది, నీరే దొరకదు. కాబట్టి ఒకచోట పనికొచ్చిన పద్ధతి ఇంకోచోట పనికిరాదు. "ఫలానా వూళ్లో ఏడు వందల అడుగుల్లో పడ్డయట" అన్న మాట విని మనం ఏడు వందలు పోవడం, పక్కింటాయన మందు మనం మింగడం లాంటిది.

రాతిలో నీళ్లెక్కడ?

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి మహేశ్వరం ప్రాంతపు గ్రానైటును ఏళ్ల తరబడి పరిశీలించారు. వారు తేల్చిన సంగతి రైతుభాషలో చెప్పాలంటే ఇది: పైన చివికిన మెత్తని పొర, దాని కింద పగుళ్ల పొర, ఆ కింద గట్టి రాయి. పగుళ్లు ఎక్కువగా వుండేది ఆ మధ్య పొరలోనే. దాని మందం కొన్ని పదుల మీటర్లు మాత్రమే. కిందికి పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, వున్నవి కూడా సన్నబడతాయి. ఎక్కడో ఒకచోట ఆరు వందల అడుగుల్లో గ్యాపు తగిలి నీళ్లు పడతాయి, కాదనను. అట్లా పడ్డ బోరు ముచ్చట పది వూళ్లకు పాకుతుంది. పడని తొంభై బోర్ల ముచ్చట మాత్రం ఆ ఇంటి గడప దాటదు.

పగులును పైనుంచి పసిగట్టే మార్గం లేదా అంటే వుంది. మనం ఇంటర్మీడియట్‌లో చదివిన ఓమ్ నియమమే అందుకు ఆధారం. నాలుగు ఇనుప కడ్డీలను ఒకే వరుసలో నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. దానినుంచి నేల నిరోధం తెలుస్తుంది. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు పోతుంది, ఇంకా లోతు సంగతి చెప్తుంది. ఎండిన గ్రానైటు నిరోధం వేల ఓమ్-మీటర్లలో వుంటే, చెమ్మపట్టి చివికిన రాతిది పదుల్లోనో, వందా రెండు వందల్లోనో వుంటుంది. ఇది కూడా జోస్యం కాదు. బంకమట్టి వున్నా నిరోధం తక్కువే చూపిస్తుంది. అందుకని సర్వేతోపాటు చుట్టుపక్కల బోర్ల లోతులు అడగాలి, పల్లపు జాగా చూడాలి, గ్రానైటును కోసుకొని గోడలాగా పోయే నల్లరాతి డైకు ఎటువైపు వుందో గమనించాలి. చాలాచోట్ల ఆ డైకు భూమి లోపల ఆనకట్టలాగా పనిచేస్తుంది, దాని ఎగువ పక్కన నీరు ఆగుతుంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందటే వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్లనూ పుట్టలనూ బట్టి నీటి జాడ చెప్పే అధ్యాయం ఒకటి రాశాడు. చుట్టూ వున్నదాన్ని చూసి లోపలిది ఊహించడం మనకు కొత్త విద్య కాదు, మధ్యలో మరిచిపోయిన విద్య.

గాలితో కొట్టే సుత్తి

1960ల చివరి కరువు కాలంలో యూనిసెఫ్ వారు గట్టి రాతిలో బోరు వేసే రిగ్గులను మన దేశానికి తెచ్చారు. చేతిపంపు వూరూరికీ రావడానికి అదే నాంది. ఇప్పుడు మన పల్లెలకు వచ్చే రిగ్గులు చాలావరకు తమిళనాడులోని తిరుచెంగోడు వైపువి. రెండు లారీలు వస్తాయి. ఒకదాని మీద కంప్రెసరు, ఇంకోదాని మీద మాస్టూ రాడ్లూ.

రాయిని తొలిచేది తిరుగుడు కాదు, దెబ్బ. రాడ్ల కొనకు సుత్తి, దాని కొనకు టంగ్‌స్టన్ కార్బైడు గుండీలు పొదిగిన బిట్టు వుంటాయి. కంప్రెసరు గాలి రాడ్ల లోపలినుంచి పోయి సుత్తిలోని పిస్టన్‌ను టపటపా కొట్టిస్తుంది. అదే గాలి బయటికి వచ్చేటప్పుడు పొడిని పైకి తోసుకొస్తుంది. పొడి పైకి రావాలంటే గాలి సెకనుకు సుమారు 15 మీటర్ల వేగంతోనైనా లేవాలి. గాలి చాలకపోతే పొడి బిట్టు మీదనే పేరుకొని రాడ్లు ఇరుక్కుంటాయి.

బోరులో నీరు నిండితే ఇంకో లెక్క వస్తుంది. ప్రతి 100 అడుగుల నీటి స్తంభానికి 43 పి.ఎస్.ఐ. ఒత్తిడి. 500 అడుగుల నీటి కింద సుత్తి కొట్టాలంటే 215 పి.ఎస్.ఐ.కి పైగా గాలి కేవలం నీటిని నెట్టడానికే ఖర్చయిపోతుంది. ఈ "స్తంభపు బరువు" మాట గుర్తుంచుకోండి. మనకు అడ్డమైన ఇదే సూత్రం చమురు బావికి రక్ష.

చమురు బావి, చుట్టగొట్టం

చమురు, గ్యాసు వుండే పొరల్లో ద్రవాలు విపరీతమైన ఒత్తిడితో వుంటాయి. రంధ్రం పడగానే పైకి తన్నుకొస్తాయి. దాన్ని ఆపడానికి రంధ్రం నిండా బరువైన మడ్డి నింపుతారు. ఆ మడ్డి స్తంభపు ఒత్తిడి మొదటి కాపు. అది తప్పినా పట్టుకోవడానికి బావి మూతి మీద బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే బలమైన కవాటాల దొంతర రెండో కాపు. రెండూ తప్పితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8న కోనసీమలోని పాసర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. బావిలో గ్యాసు ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది.

ఈ రంగంలో కాయిల్డ్ ట్యూబింగ్ అనే పద్ధతి ఒకటుంది. మోటారు దించడానికి మనం తెచ్చే నల్లపైపు చుట్ట చూశారు కదా, అదే ఉక్కుతో చేసి, వేల అడుగుల పొడవున అతుకు లేకుండా పెద్ద చక్రానికి చుట్టినట్టు ఊహించుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు సముద్రం అడుగున పెట్రోలు పంపడానికి ఉక్కు గొట్టాన్ని పెద్ద డ్రమ్ములకు చుట్టి పరిచారు. ఈ ఆలోచనకు బీజం అక్కడిదని చెప్తారు. 1960లలో అది చమురు బావులకు వచ్చింది, 1990ల నుంచి అలాస్కా వంటి చోట్ల పాత బావుల పక్కకు కొత్త దారులు తొలవడానికి బాగా వాడారు.

చుట్టగొట్టం తిరగదు. చక్రానికి చుట్టివున్న గొట్టాన్ని ఎట్లా తిప్పుతాం? అందుకని బిట్టు పైన ఒక మోటారు పెట్టి, గొట్టంలోనుంచి పంపే ద్రవంతో దాన్ని తిప్పుతారు. రాడ్డుకు రాడ్డు బిగించే పని లేదు కాబట్టి ద్రవం ఆగదు, మిషను దగ్గర మనుషుల చేతులు నలిగే ప్రమాదం కూడా తగ్గుతుంది. గొట్టం చుట్టూ రబ్బరు బిగింపు వుంటుంది గనుక లోపల ఒత్తిడి వుండగానే పని చేయవచ్చు. లోపాలూ వున్నాయి. గొట్టం తిరగదు కాబట్టి వాలుగా పోయే రంధ్రంలో పొడి అడుగున పేరుకుంటుంది. దాన్ని కదిలించడానికి గొట్టాన్ని మధ్యమధ్య కొంతదూరం వెనక్కి లాగి మళ్లీ దించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది లోహపు అలసట. ఇనుప తీగను పదిసార్లు వంచి తీస్తే పుటుక్కున తెగినట్టే, చుట్ట విప్పి దించినప్పుడల్లా, పైకి లాగి చుట్టినప్పుడల్లా గొట్టం ఆయుష్షు కొంత కరుగుతుంది. లోపల ఒత్తిడి ఎక్కువుంటే ఇంకా త్వరగా కరుగుతుంది. అందుకని గొట్టంలో ఏ భాగం ఎన్నిసార్లు, ఎంత ఒత్తిడిలో వంగిందో లెక్క రాస్తారు. కంటికి బాగానే కనిపిస్తున్నా లెక్క నిండగానే గొట్టాన్ని పక్కన పెట్టేస్తారు.

మన గ్రానైటుకు ఈ చుట్టగొట్టం పనికిరాదు, సుత్తే కావాలి. మరి దీన్ని ఎందుకు చెప్పానంటే, అక్కడి యంత్రం కాదు, అక్కడి క్రమశిక్షణ మనకు కావాలని. మొదలుపెట్టక ముందే ఎక్కడిదాకా పోవాలో, ఎక్కడ ఆపాలో రాసుకుంటారు. తొలిచే ప్రతి అడుగుకూ రికార్డు వుంటుంది. పని అయిపోయిన బావిని సిమెంటు బిరడాలు వేసి మూస్తారు. భూపాలపల్లి వైపు బొగ్గు కోసం వేసే పరీక్ష బోర్లకు కూడా ఇదే నీతి. మూయని రంధ్రం రేపు గనిలోకి నీరు తెచ్చే దారి అవుతుంది. మా బోరుకు ఆ మూడూ లేవు.

రిగ్గు దగ్గర పాటించవలసినవి

మొదటిది కరెంటు తీగ. మాస్టు లేపేముందు తల ఎత్తి పైకి చూడాలి. తీగ దగ్గరుంటే జాగా మార్చాలి, లేదా లైన్‌మన్‌ను పిలిచి సప్లై బంద్ చేయించాలి. "ఏం గాదు తియ్" అన్న మాట చాలామందికి ఆఖరి మాట అయింది.

రెండోది దుమ్ము. గ్రానైటులో క్వార్ట్జు చాలా వుంటుంది. దాని సన్నటి పొడి, మన కంటికి కనిపించనంత సన్నటిది, ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయంకాని రోగం తెస్తుంది. ముఖానికి తువ్వాల కట్టుకుంటే పెద్ద దుమ్మే ఆగుతుంది, చంపే దుమ్ము ఆగదు. గాలితోపాటు కొంచెం నీరు పంపితే దుమ్ము లేవదు. సరైన మాస్కు పెట్టుకోవాలి, గాలికి ఎదురుగా నిలబడకూడదు. మనం ఒక్క పూట చూసి ఇంటికి పోతాం. బీహారు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన ఆ పిల్లలు ఏడాది పొడుగునా ఆ దుమ్ములోనే వుంటారు. చాలామందిది మన వయసే.

మూడోది గాలి గొట్టం. 300 పి.ఎస్.ఐ. ఒత్తిడిలో వున్న హోసు జాయింటు వూడితే పాములాగా కొడుతుంది. దానికి గొలుసు కట్టి వుండాలి, బిగించేముందు గాలి పూర్తిగా వదలాలి. నాలుగోది కేసింగు. మెత్తని పొర దాటి గట్టి రాతిలోకి దిగేదాకా వేయాలి. నాలుగు పైపులు మిగిలించుకుందామని మధ్యలో ఆపితే మట్టి కూలి మోటారు ఇరుక్కుంటుంది, పైనుంచి మురికినీరు లోపలికి దిగుతుంది.

ఎక్కడ ఆపాలె?

ఇప్పుడు మా నాయిన ప్రశ్నకు వద్దాం. రిగ్గు లెక్కలో లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. రాయి లెక్కలో లోతు పెరిగేకొద్దీ పగులు దొరికే ఆశ తగ్గుతుంది. ఒకటి ఎక్కుతూ, ఒకటి దిగుతూ వుంటే, రెండూ కలిసే చోట ఆగడం తెలివి. మనం ఏం చేస్తాం? "ఇంత దాంక వచ్చినం గదా" అంటాం. పోయిన మూడు వందల అడుగుల డబ్బు ఎట్లాగూ పోయింది. తర్వాతి వంద అడుగుల్లో నీరుందా లేదా అన్నది ఆ డబ్బుకు తెలియదు.

అందుకని నిర్ణయం రాత్రి పదింటికి, మిషను మోతలో, అందరూ చూస్తుండగా చేయకూడదు. ముందురోజు ఇంట్లో కూర్చొని చేయాలి. సర్వే ఏం చెప్పింది, చుట్టుపక్కల బోర్లలో నీరు ఏ లోతులో పడింది, మన చేతిలో ఎంత వుంది — ఇవి చూసుకొని ఒక అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. పొడిని ప్రతి 20 అడుగుల రాడ్డుకూ ఒకసారి పిడికెడు తీసి వరుసగా కుప్పలు పోయాలి. రంగు మారిందా, తుప్పురంగు మరక వుందా చూడాలి. తుప్పురంగు కనబడితే ఒకప్పుడు నీరు పారిన పగులు అని అర్థం. వరసగా ఒకే తెల్లటి గట్టి పొడి వస్తూ అంకె దాటితే ఆపాలి.

మూయని బోరు

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. నీరు పడని బోరుకు రైతు మొట్టమొదట చేసే పని కేసింగు పీక్కోవడం. పైపుకు డబ్బు పెట్టాం కదా అని. పైపు పోగానే పైన మట్టి కూలి, మూతి గరాటులాగా వెడల్పవుతుంది. కిందికిపోతే ఆరున్నర అంగుళాల రంధ్రం. దాని మీద ఒక బండ, లేకుంటే ఒక తుమ్మకంప. వానకు కంప జారుతుంది, పశువు తగిలి బండ కదులుతుంది.

2017 జూన్ 22న చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో రెండేళ్లు కూడా నిండని పాప ఇట్లాంటి బోరులో పడింది. రెండు రోజులకు పైగా ప్రయత్నించినా దక్కలేదు. 2020 మే 27న మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు పడ్డ బోరు అదే రోజు వేసింది. నీరు పడలేదని తెరిచి వదిలేసింది. ఆ బాబు కూడా బతకలేదు.

చట్టం లేక కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, బోరుకు అనుమతి వుండాలంటుంది, రిగ్గుకు రిజిస్ట్రేషన్ వుండాలంటుంది. 2010లో సుప్రీంకోర్టు స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేసేముందు 15 రోజులు ముందుగా అధికారులకు తెలపాలి. పని జరిగే చోట బోర్డు, ముళ్లకంచె వుండాలి. కేసింగు చుట్టూ సిమెంటు గద్దె కట్టాలి, మూతిని ఇనుప పలకతో వెల్డింగు చేయాలి లేదా బలమైన మూత బోల్టులతో బిగించాలి. వదిలేసిన బోరును అడుగునుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, గులకరాళ్లతో నింపాలి.

నింపడానికి ఎంత మట్టి కావాలి? ఒక లెక్క వేశాను. ఆరున్నర అంగుళాల వ్యాసం, 500 అడుగుల లోతు. వ్యాసార్థపు వర్గాన్ని పై తోటీ, లోతు తోటీ గుణిస్తే 115 ఘనపుటడుగులు. అంటే వంద అడుగుల ట్రాక్టరు ట్రాలీ ఒకటి, పైన కొంచెం. లక్ష రూపాయలు మింగిన బోరును మూయడానికి కావలసింది ఒక ట్రాలీ మట్టి, ఒక పూట చాకిరి! ఈ అంకె చూసినప్పుడు నాకు సిగ్గనిపించింది. మా ఇంటి మూడు బోర్లూ అప్పటికి తెరిచే వున్నాయి.

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను, నాయిన, మా చిన్నాయిన కొడుకు కలిసి వాటిని నింపాం. ఒక కిటుకు చెప్తాను. ట్రాలీ ఎత్తి ఒక్కసారి కుమ్మరిస్తే మట్టి నడిమధ్యన అడ్డంపడి ఆగుతుంది. పైకి నిండినట్టే కనబడుతుంది, కింద డొల్ల. గడ్డలు చితగ్గొట్టి, పారతో కొంచెం కొంచెం పోయాలి. మధ్యమధ్య తాడుకు రాయి కట్టి దించి, ఎంతదాకా నిండిందో కొలవాలి. చెత్త, కంప, పాత సంచులు వేయొద్దు. రాతి పగుళ్లు ఒకదానికొకటి కలిసే వుంటాయి, అందులో కుళ్లింది పక్క బోరు నీళ్లలో తేలుతుంది. చివరి రెండు మూడడుగులు బంకమట్టి కూరి, మీద సిమెంటు వేయాలి.

620 అడుగుల బోరుకు రెండు ట్రాలీలు పట్టింది. ఆఖరి పార మట్టి వేసి నాయిన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. "ఇన్నేండ్లు ఇది తెరిచి ఎందుకు పెట్టిన్నో తెలుసా? ఎప్పుడన్న మల్ల పైసలుంటె ఇంకో వంద ఏపిద్దామని" అన్నాడు. ఏమనాలో నాకు తోచలేదు. పార కడిగి భుజాన వేసుకొని, "పా, ఆకలైతుంది" అని నడిచాడు.

మిత్రులారా, మన కాలేజీలో చదివేవాళ్లలో సగానికి పైగా పల్లెలనుంచి వచ్చినవాళ్లమే. మన పొలాల్లో, మన చుట్టాల పొలాల్లో మూయని బోర్లు ఎన్ని వున్నాయో వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు లెక్కపెట్టండి. ఒక్కొక్కరం ఒక్కొక్క బోరు మూసినా చాలు. దానికి డిగ్రీ అక్కరలేదు. ఒక ట్రాలీ మట్టి, ఒక తాడు, ఒక రాయి, ఒక పూట తీరిక. అంతే.